పందెం ఎరుగని గుర్రాలు

డెట్రాయిట్ నగరానికి ఉత్తరాన ఉండే మా పేటల్లో వసంతం వచ్చిన కబురు ముందుగా చెవులకు అందుతుంది. చలికాలమంతా రోడ్ల మీద చల్లిన ఉప్పు ఏప్రిల్ వానలకు కొట్టుకుపోయాక, అయిదు నెలలుగా మూసి ఉన్న గరాజు తలుపులు ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి. గుడ్డ ముసుగులు తీసి, బ్యాటరీలు తగిలించి, మస్టాంగ్‌లనూ కమారోలనూ ఛాలెంజర్లనూ బయటికి తెస్తారు. ఆ ఇంజన్లు మేలుకునేటప్పుడు చేసే గర్జన కిటికీ అద్దాలను సన్నగా వణికిస్తుంది. వీటిని ఇక్కడ మజిల్ కార్లంటారు. కండగల కార్లు అనుకోవచ్చు.

వీటిని చూసినప్పుడల్లా నన్నొక ప్రశ్న వేధిస్తూ వచ్చింది. అయిదు వందలు, ఏడు వందలు అశ్వశక్తి గల ఈ వాహనాలను కొన్నవారు, ఆ శక్తికి తగిన చోట, అంటే రేసు ట్రాక్ మీద, వాటిని నిజంగా నడుపుతారా? మిషిగన్‌లో రహదారి మీద అనుమతించే గరిష్ఠ వేగం గంటకు 75 మైళ్ళు. అదీ ఊళ్ళకు దూరంగా. ఆ వేగం పిల్లల్ని బడికి తీసుకువెళ్ళే వ్యాను కూడా అందుకుంటుంది. డాడ్జ్ ఛాలెంజర్ హెల్‌క్యాట్ 199 మైళ్ళ వేగం అందుకోగలదని దాని తయారీదారులు ప్రకటించారు. మధ్యనున్న ఆ 124 మైళ్ళూ ఎవరికోసం?

కందకు లేని దురద కత్తిపీటకెందుకని మీరు అడగవచ్చు. ఎవరి సొమ్ము వారిది, ఎవరి సరదా వారిది. నిజమే. అయినా ఈ ప్రశ్న నాకు వట్టి కాలక్షేపం కాకుండా పోయిన సందర్భం ఒకటుంది. దాని సంగతి తరువాత చెబుతాను. ముందు ఈ కార్ల పుట్టుపూర్వోత్తరాలు కొంచెం తెలిస్తే ప్రశ్న లోతు తెలుస్తుంది.

1963 మొదట్లో జనరల్ మోటార్స్ యాజమాన్యం తన విభాగాలన్నిటినీ రేసుల నుంచి తప్పుకోమని ఆదేశించింది. అప్పటికి పాంటియాక్ విభాగం అమ్మకాలు ఎక్కువగా రేసుల్లో సంపాదించుకున్న పేరు మీదనే నడుస్తున్నాయి. ఆ పేరు పోతే బేరం పోతుంది. అప్పుడు జాన్ డిలోరియన్ నాయకత్వంలోని ఇంజనీర్లు ఒక ఉపాయం పన్నారు. టెంపెస్ట్ అనే మధ్యతరహా కారులో, పెద్ద కార్లకు వాడే 389 ఘనపుటంగుళాల ఇంజన్ పెట్టారు. రేసుకు వెళ్ళే దారి మూసుకుపోయింది కాబట్టి రేసునే వీధిలోకి తెచ్చి అమ్మడమన్నమాట. 1964 నమూనాగా వచ్చిన ఆ కారే జిటిఓ. మజిల్ కార్ల వంశానికి మూలపురుషుడని చాలామంది దానినే చెబుతారు. ఆ ఏడు 32,450 అమ్ముడుపోయాయి.

ఆ పేరులోనే ఒక చమత్కారం ఉంది. జిటిఓ అన్న మూడక్షరాలు ఇటలీ ఫెరారీ కారు నుంచి తెచ్చుకున్నవి. ఆ ఇటాలియన్ మాటలకు స్థూలంగా, పందెంలో పాల్గొనడానికి ఆమోదం పొందిన కారు అని అర్థం. ఏ రేసుకూ పోవద్దన్న ఆజ్ఞ వల్ల పుట్టిన కారుకు, రేసుకు అర్హత పొందిన కారు పేరు! అంటే ట్రాక్ మీదికి వెళ్ళని రేసుకారు అనే వైరుధ్యం నిన్నమొన్నటిది కాదు. బారసాల నాడే మొదలయింది.

అయితే ఈ వంశంలో రెండో శాఖ కూడా ఉంది. 1966లో ట్రాన్స్-యామ్ అనే రేసుల వరుస మొదలయింది. అందులో ఇంజన్ పరిమాణం అయిదు లీటర్లు దాటకూడదు. పైగా పోటీకి దిగే కారు సామాన్యులకు అమ్మే రకమై ఉండాలి. ఆ నియమం కోసమే షెవ్రొలే వారు 302 ఘనపుటంగుళాల ఇంజన్‌తో కమారో జి/28 తయారు చేశారు. 1967లో అమ్మినవి 602 మాత్రమే. ఫోర్డ్ వారు 1969లో బాస్ 302 మస్టాంగ్‌తో జవాబిచ్చారు. ఇవి ట్రాక్ కోసమే పుట్టి, నియమం కోసం వీధిలోకి వచ్చిన కార్లు. ఒక శాఖ వీధి కోసం పుట్టి ట్రాక్ వేషం వేసుకున్నది, మరొకటి ట్రాక్ కోసం పుట్టి వీధిలో కాపురం పెట్టినది. తరువాతి కాలంలో రెండు శాఖలూ కలిసిపోయాయి. నేడు ఏ యజమానిని అడిగినా తన కారు రెండో శాఖదనే చెబుతాడు.

1970 నాటి వాయు కాలుష్య చట్టం, పెరిగిపోయిన బీమా రుసుములు, 1973 నాటి చమురు సంక్షోభం కలిసి ఈ కార్లను దాదాపు తుడిచిపెట్టాయి. మూడు దశాబ్దాల తరువాత పాత రూపురేఖలతోనే అవి తిరిగి వచ్చాయి. 2005 నమూనా మస్టాంగ్, 2008లో ఛాలెంజర్, 2009లో కమారో. ఈసారి వాటి శక్తి తాతలను తలదన్నేది. 1964 జిటిఓ మూలరూపం 325 అశ్వశక్తి గలదైతే, 2015 నమూనా హెల్‌క్యాట్‌ది 707.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ట్రాక్ అన్న మాటకు ఇక్కడ ముఖ్యంగా రెండర్థాలు. ఒకటి డ్రాగ్ స్ట్రిప్: పావు మైలు, అంటే 1,320 అడుగులు, ముక్కుసూటిగా పోయే బాట. మలుపు లేదు, కొండ లేదు. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. నిలువు స్తంభం మీద పసుపు దీపాలు వెలిగి, ఆకుపచ్చ దీపం పడగానే బయలుదేరుతాయి. పన్నెండు పదమూడు సెకన్లలో అంతా అయిపోతుంది. చివర్లో ఒక చిన్న కాగితం చేతికిస్తారు. ఎన్ని సెకన్లు, ఎంత వేగం అన్నది సెకను వెయ్యో వంతుదాకా అందులో ఉంటుంది. వీధుల్లో పందేలాడే కుర్రకారుకు ఒక క్షేమమైన చోటు చూపాలన్న తలంపుతోనే వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించాడు. మాకు దక్షిణాన మిలాన్ అనే ఊళ్ళో అలాంటి బాట ఉంది. మామూలు జనం తమ కార్లు తెచ్చి పరుగు పెట్టించుకునే రోజులు అక్కడ ప్రత్యేకంగా ఉంటాయి. ట్రాక్ మీదికి వెళ్ళే కొద్దిమంది మజిల్ కార్ల యజమానుల్లో ఎక్కువమంది వెళ్ళేది ఇలాంటి చోటికే. ఖర్చు తక్కువ, నేర్చుకోవలసినది తక్కువ, కారు సహజగుణానికి నప్పుతుంది కూడా.

రెండోది రోడ్ కోర్సు: మలుపులు తిరిగే బాట. అసలు పరీక్ష ఇక్కడే. మిషిగన్ సరస్సు ఒడ్డున సౌత్ హేవెన్ అనే ఊరి దగ్గర జింజర్‌మన్ రేస్‌వే ఉంది. 1996లో తెరిచారు. సుమారు రెండు మైళ్ళ చుట్టు, పదకొండు మలుపులు. మా ఆఫీసు మిత్రుడొకరు తన మస్టాంగ్‌ను అక్కడికి తీసుకువెళుతూ, చూడడానికి రమ్మంటే ఒక శనివారం వెంట వెళ్ళాను. తెల్లవారుజామున బయలుదేరితే మూడు గంటల ప్రయాణం.

అది రేసు కాదు. శిక్షణ దినం. ముందు ప్రతి కారునూ తనిఖీ చేస్తారు: బ్రేకులు, టైర్లు, చక్రాల నట్లు, బ్యాటరీ కదలకుండా ఉందా, లోపల దొర్లే వస్తువులేవైనా ఉన్నాయా అని. తరువాత పాఠం. ఏ జెండాకు ఏమి అర్థం, ఎక్కడ బ్రేకు వేయాలి, ఎక్కడ తిప్పాలి. కొత్తవారి పక్కన శిక్షకుడు కూర్చుంటాడు. ఎవరు పడితే వారు, ఎక్కడ పడితే అక్కడ దాటిపోవడం కుదరదు. ముందువాడు కిటికీలోంచి చెయ్యి చాపి దారి ఇస్తేనే వెనకవాడు దాటాలి. అనుభవాన్ని బట్టి జట్లుగా విడదీసి, ఒక్కో జట్టునూ ఇరవై నిమిషాల చొప్పున వదులుతారు.

ఆనాడు ఆ మైదానంలో నిలిపి ఉన్న కార్లను నేను వరసగా చూసుకుంటూ పోయాను. చిన్న మాజ్డా మియాటాలు, పాత బీఎండబ్ల్యూలు, కార్వెట్‌లు, హోండాలు కనిపించాయి. మజిల్ కార్లు ఒక చేతి వేళ్ళతో లెక్కపెట్టేటన్ని. ఇక్కడికి రెండు గంటల దూరంలో ఉన్న ఊళ్ళ గరాజుల్లో ఇవి వేలకొద్దీ ఉన్నాయని తెలిసినవాడిని కనుక ఆశ్చర్యపోయాను. మధ్యాహ్నానికి కారణం కొంత అర్థమయింది. తిన్నని దారిలో మా మిత్రుడి మస్టాంగ్ బాణంలా దూసుకుపోయేది. మలుపు రాగానే చిన్న మియాటా దాని వీపు మీదికి వచ్చేసేది. రెండు చుట్లు తిరిగాక చెయ్యి చాపి దానికి దారి ఇవ్వక తప్పలేదు. నాలుగో వంతు శక్తి లేని కారుకు దారి ఇచ్చి వెనకబడడం అంటే, ఆ కారు కొన్నవాడి అహంకారానికి మామూలు పరీక్ష కాదు.

దీనికి కారణం బరువు. హెల్‌క్యాట్ బరువు రెండు టన్నులు. మియాటా అందులో సగం. రెండు టన్నుల కారును గంటకు 200 కిలోమీటర్ల వేగం నుంచి 80కి దించాలంటే, బ్రేకులు మింగవలసిన శక్తి సుమారు ఇరవై ఆరు లక్షల జౌళ్ళు. ఇంట్లో లెక్కగా చెప్పాలంటే దాదాపు ఎనిమిది లీటర్ల చన్నీళ్ళను నాలుగైదు సెకన్లలో మరిగించేటంత వేడి. ప్రతి పెద్ద మలుపు దగ్గరా, ప్రతి చుట్టులోనూ అదే తంతు. వీధిలో వాడే బ్రేకులు కొద్ది చుట్లలోనే చేతులెత్తేస్తాయి. గాలిలోని తేమ పీల్చుకున్న పాత బ్రేకు ద్రవం ఆ వేడికి మరిగి ఆవిరవుతుంది. కాలు వేస్తే పెడలు నేలకు తగులుతుంది, కారు మాత్రం ఆగదు. అందుకే వెళ్ళేముందు ద్రవం మార్చాలి, ప్యాడ్లు మార్చాలి, వచ్చాక టైర్లు చూసుకోవాలి. టైర్ల జత వెయ్యి డాలర్లు దాటుతుంది. ప్రవేశ రుసుము మరో రెండు మూడు వందలు. అన్నిటికీ మించి, మామూలు కారు బీమా పాలసీలు ట్రాక్ మీద జరిగిన నష్టానికి సాధారణంగా బాధ్యత వహించవు. ఒక్కరోజు బీమా విడిగా కొనుక్కోవాలి. లేదా గోడకు తగిలితే అరవై వేల డాలర్ల కారును, ఇంకా అయిదేళ్ళ వాయిదాలు మిగిలి ఉండగా, ఇంటికి లారీలో తెచ్చుకోవాలి.

ఇవి తెలిశాక, ట్రాక్‌కు వెళ్ళనివారిని తప్పుపట్టడం నాకు కష్టమయింది. ఇంటి అప్పు, పిల్లల చదువులు, వారాంతపు పనులు ఉన్నవారు వీరు. అరుదైన పాత కార్ల విషయంలో సంగతి ఇంకా సులువు. 1971 హెమీ కుడా కన్వర్టిబుల్‌లు చేసినవి పదకొండే. వాటిలో ఒకటి 2014లో సియాటెల్ వేలంలో ముప్ఫై అయిదు లక్షల డాలర్లకు పోయింది. దాన్ని మలుపుల బాట మీద తిప్పమనడం, మ్యూజియంలో వీణను పెళ్ళి ఊరేగింపుకు అడిగినట్టుంటుంది.

తయారీదారులకు ఈ సంగతి బాగా తెలుసు. వారి ప్రకటనల నిండా ట్రాకే, కార్లలో మాత్రం ఇంకేదో ఏర్పాటు. హెల్‌క్యాట్‌కు రెండు తాళంచెవులు ఇచ్చేవారు, ఎర్రదీ నల్లదీ. ఎర్రదానితో 707 అశ్వాలూ పలుకుతాయి. నల్లదానితో అయిదు వందలకే పరిమితం. ఫోర్డ్ 2012 బాస్ 302కు కూడా ఒక ఎర్ర తాళంచెవి ఉండేది. అది పెట్టి తిప్పితే ఇంజన్ ట్రాక్ స్వభావానికి మారుతుంది. ఈ ఎర్ర తాళంచెవులు నిజంగా ట్రాక్ మీదికి ఎన్నిసార్లు వెళ్ళాయో గానీ, కాఫీ బల్లల మీద ప్రదర్శనకు పెట్టినవి నేను చూశాను. ఎస్ఆర్‌టి కార్లు కొన్నవారికి డాడ్జ్ వారు రేసు శిక్షణ పాఠశాలలో ఒక్కరోజు పాఠం కూడా ధరలోనే కలిపి ఇచ్చేవారు. ఆ పాఠం పాఠశాల కార్లలోనే కావడం గమనించండి. సొంత కారు గరాజులో భద్రంగా ఉంటుంది.

ఇందుకు భిన్నమైన ఉదంతాలూ రెండున్నాయి. ఫోర్డ్ 2016 షెల్బీ జిటి350 కార్లలో కొన్నిటికి గేర్‌బాక్సునూ డిఫరెన్షియల్‌నూ చల్లబరిచే కూలర్లు లేవు. అవి ట్రాక్ మీద కాసేపటికే వేడెక్కి, తమంతట తామే శక్తి తగ్గించుకుంటున్నాయని కొందరు యజమానులు 2017లో ఫ్లోరిడాలో దావా వేశారు. ట్రాక్ కారని అమ్మారు కదా, ట్రాక్ మీద నిలబడదేమని వారి ఫిర్యాదు. దావా సంగతి అటుంచితే, అది నా ప్రశ్నకొక జవాబు: నమ్మి కొన్నవారు, నమ్మి తీసుకువెళ్ళినవారు ఉన్నారన్నమాట. రెండోది 2018 డాడ్జ్ డీమన్. చేసినవి 3,300. రేసు ఇంధనంతో 840 అశ్వశక్తి. పావు మైలు 9.65 సెకన్లలో పోగలదని ప్రకటించారు. పది సెకన్లలోపు పోయే కారులో చోదకుడి చుట్టూ ఇనుప పంజరం ఉండాలని అప్పటి డ్రాగ్ రేసుల నియమం. కొన్నది కొన్నట్టుగా ఆ కారులో పంజరం లేదు. ఆ వేగంతో పరుగెత్తడానికే చేసిన కారుకు, ఆ పరుగు చూపవలసిన చోటనే ప్రవేశం లేకపోయింది!

వీటిని గూర్చి ఆలోచించినప్పుడు నాకు మా పల్నాటి తిరునాళ్ళలోని బండలాగుడు ఎడ్లు గుర్తొస్తాయి. ఆ ఒంగోలు జాతి ఎడ్లను మోతుబరులు ఉలవలూ పత్తిగింజలూ పెట్టి, కన్నబిడ్డల్లా సాకుతారు. అరకకు కట్టరు, బండికి కట్టరు. చూసేవారికి అది వృథా ఖర్చులా తోస్తుంది. కానీ సంక్రాంతికో శివరాత్రికో వాటిని బరిలోకి దించుతారు. ఇచ్చిన సమయంలో ఆ బండను ఎంత దూరం లాగితే అంత పేరు. ఓడిపోతామేమోనన్న భయంతో ఎడ్లను కొట్టంలోనే కట్టేసుకున్న రైతును ఊరు క్షమించదు. ఇక్కడి కార్లు సేద్యానికీ పనికిరావు, బరికీ పోవు. అయినా ఊరు క్షమిస్తుంది. పైగా ఆగి ఫొటో తీసుకుంటుంది.

ఇప్పుడు, వాయిదా వేసిన సందర్భం. మూడేళ్ళ కిందట తెనాలి నుంచి మా బాబాయి ఫోన్ చేశాడు. ఆయన కొడుకు, నాకు తమ్ముడు, పక్క రాష్ట్రంలో ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. వాడు ఒక పాత మస్టాంగ్ జిటి కొంటానంటున్నాడట.

"ఒరేయ్ అబ్బాయ్, అది రేసుల కారటగా. వీడు రేసులకు పోతాడేమోనని మీ పిన్ని నిద్రపోవడం లేదు. మద్రాసులో చదువుకునే రోజుల్లో షోలవరం రేసులు నేను కళ్ళారా చూశాను. నాకు తెలియనివి కావు" అన్నాడు.

షోలవరం అంటే మద్రాసు పక్కన రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాల దారి. ఇరుంగాట్టుకోట్టైలో 1990లో సరైన ట్రాక్ తయారయ్యేదాకా మద్రాసు రేసులకు ఆ దారే గతి. బాబాయి చూసిన వేగం ఎలాంటిదో, అక్కడ రక్షణ ఏర్పాట్లు ఎలా ఉండేవో నేను ఊహించుకోగలను. ఆయన భయం అర్థంలేనిది కాదు. అయినా నా నోటినుంచి వచ్చిన మాట ఇది:

"రేసు ట్రాక్‌కు పోతే నాకంత భయం లేదు బాబాయ్. పోకపోతేనే భయం."

అవతల కొంతసేపు మాట లేదు. ఆయనకు విడమరచి చెప్పిందే ఇక్కడా చెబుతాను.

అంత శక్తిగల కారు కొన్న పాతికేళ్ళ కుర్రవాడు దాన్ని ఎప్పుడూ గట్టిగా తొక్కకుండా ఉండడు. ఎప్పుడో ఒకనాడు తొక్కుతాడు. ఎక్కడ తొక్కుతాడన్నదే ప్రశ్న. ఆదివారం ఉదయాల్లో కార్ల అభిమానులు కాఫీకి చేరే మైదానాల నుంచి తిరిగి వెళుతూ, చూస్తున్న జనం మెప్పు కోసం ఒక్కసారి యాక్సిలరేటర్ అదిమి, కారు వెనకభాగం పక్కకు కొట్టుకుపోయి, జనం మీదికి దూసుకుపోయిన మస్టాంగ్‌ల ప్రమాదాలు అమెరికాలో ఎన్ని జరిగాయంటే, అది ఒక మొరటు హాస్యంగా స్థిరపడిపోయింది. అందులో హాస్యమేమీ లేదు, యంత్రశాస్త్రం ఉంది. శక్తి అంతా వెనక చక్రాలకు పోతుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడు పట్టు తక్కువ. జారుడును అదుపుచేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటును గొప్పకోసం ఆపేసి ఉంటారు. 2014 నమూనా వరకు మస్టాంగ్‌కు వెనక ఒకే ఇరుసు. ఒక చక్రం గుంటలో పడితే రెండోదాని పట్టూ చెదురుతుంది. వెనకభాగం జారగానే అనుభవం లేనివాడు కంగారుగా కాలు తీసేస్తాడు. బరువు ఒక్కసారిగా ముందుకు దొర్లుతుంది, ఎదురు తిప్పిన స్టీరింగ్ చక్రాలకు పట్టు తిరిగి దొరుకుతుంది, కారు అవతలి పక్కకు విరుచుకుపడుతుంది. జారినప్పుడు ఏం చేయాలో శరీరానికి ముందే తెలిసి ఉండాలి. ఆలోచించి చేసే వ్యవధి అక్కడ ఉండదు.

ఆ తెలివి వచ్చే చోటు ట్రాక్. అక్కడ ఎదురుగా లారీ రాదు, పాదచారి ఉండడు, పక్కన శిక్షకుడు ఉంటాడు, అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా 1944 నాటిది. ఆ సంస్థ 2015 నుంచి మామూలు వీధి కార్లతో, రేసు అనుభవం లేనివారు కూడా పాల్గొనేలా సాయంకాలపు ట్రాక్ కార్యక్రమాలు నడుపుతోంది. చోటు లేదని చెప్పడానికి లేదు.

దీనికి ఎదురువాదం ఉంది. దాన్ని దాచను. ఒక్కరోజు ట్రాక్ మీద తిరిగివచ్చినవాడు తనకు అంతా వచ్చేసిందనుకుని, వీధిలో మరింత వేగంగా పోవచ్చు. అరకొర విద్య అసలు రాకపోవడం కన్నా ప్రమాదమని పెద్దలు ఊరికే అనలేదు. ట్రాక్ మీద కూడా మనుషులకు దెబ్బలు తగులుతాయి, ప్రాణాలు కూడా పోతాయి. ఇవన్నీ నిజాలే. కానీ జింజర్‌మన్ నుంచి తిరిగి వస్తూ మా మిత్రుడు మూడు గంటలూ కుడి వరసలోనే నింపాదిగా నడిపాడు. ఎందుకని అడిగితే, పొద్దుటినుంచీ చూసినదాని తరువాత రోడ్డు మీద ఎవరితోనూ పందెం వేయాలనిపించడం లేదన్నాడు. ఒక్కడి మాట సాక్ష్యం కాదు. కానీ నేను కలిసిన ట్రాక్ మనుషులు చాలామంది ఇంచుమించు అదే చెప్పారు.

బాబాయి అంతా విని, "అయితే వాణ్ణి నువ్వే తీసుకెళ్ళు" అన్నాడు. ఫోన్ పక్కన పిన్ని ఉన్నట్టుంది, ఆవిడ ఏదో గొణిగింది. తమ్ముడికి నేనొక షరతు పెట్టాను: కారు కొన్న నెలలోగా శిక్షణ దినానికి రావాలి, రుసుము నేను కడతాను. వాడు కొన్నాడు, వచ్చాడు. మొదటి ఇరవై నిమిషాలయ్యాక హెల్మెట్ తీసినప్పుడు వాడి మొహం చెమటతో తడిసిపోయి ఉంది. "అన్నయ్యా, అది నేను అనుకున్నదానికన్నా చాలా పెద్ద కారు" అన్నాడు. సాయంత్రానికి ముందు బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయి. ఆ తరువాత మళ్ళీ వెళ్ళలేదు. ఖర్చు ఎక్కువట, పెళ్ళి కుదిరిందట. కారును ఆఫీసుకూ గుడికీ నడుపుకుంటున్నాడు. అంటే ఇప్పుడు వాడూ ట్రాక్‌కు వెళ్ళని యజమానుల జాబితాలో చేరాడు. అయినా అసలు వెళ్ళనివాడికీ, ఒకసారి వెళ్ళివచ్చి మానుకున్నవాడికీ తేడా ఉందని నేను నమ్ముతాను. పిన్ని మాత్రం ఇప్పటికీ నమ్మడం లేదు.

ఈ నమ్మకంతో, ట్రాక్‌కు వెళ్ళనివారందరినీ ఒకే గాటకు కట్టివేద్దామనుకున్నప్పుడు మా పక్కింటి పెద్దాయన అడ్డం వస్తాడు. ఆయన దగ్గర 1970 జిటిఓ ఉంది. పాంటియాక్ కర్మాగారంలో పనిచేస్తూ, అదనపు గంటల జీతంతో కొన్నది. ఆయన చేసిన విభాగం ఇప్పుడు లేదు; 2010తో పాంటియాక్ పేరే కార్ల లోకంలోంచి చెరిగిపోయింది. ఊళ్ళో ఒకప్పుడు జనరల్ మోటార్స్ స్థావరం ఉన్న స్థలంలో ఇప్పుడు ఎం1 కాన్‌కోర్స్ అనే ప్రైవేటు ట్రాక్, ధనవంతులు కార్లు దాచుకునే ఖరీదైన గరాజులు వెలిశాయి. మీ కారును ఎప్పుడైనా అక్కడ తిప్పారా అని ఒకసారి అడిగాను. ఆయన నవ్వి, ఆ గేటు లోపలికి ముప్ఫై ఏళ్ళు రోజూ వెళ్ళాను, చాలు అన్నాడు.

ఆయన దానిని బయటికి తీసే ముఖ్యమైన రోజు ఆగస్టు మూడో శనివారం. వుడ్‌వర్డ్ అవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్ జరిగేది ఆనాడే. 1995లో ఫెర్న్‌డేల్ ఊళ్ళో పిల్లల సాకర్ మైదానానికి చందాలు పోగుచేయడం కోసం మొదలైన ఆ ఊరేగింపుకు ఇప్పుడు పదుల వేల కార్లు వస్తాయి. 1960లలో ఒక దీపం నుంచి మరో దీపం దాకా కుర్రాళ్ళు పందేలాడిన దారి అదే. ఇప్పుడు అదే దారిలో అవే కార్లు, ముసలివారైన ఆ కుర్రాళ్ళతో, నడక వేగంతో కదులుతాయి. ఇంజన్లు వేడెక్కి ఆగిపోయేది కూడా నింపాదితనం వల్లనే. రోడ్డు పక్క మడత కుర్చీల్లో జనం. ఆ పెద్దాయన కిటికీలో మోచెయ్యి పెట్టుకుని పోతుంటే, ఆ కారు వృథాగా పడి ఉందని నేను అనలేను. అది ఆయన యౌవనానికీ శ్రమకీ మిగిలిన దస్తావేజు. దానికి పావు మైలు పరుగుతో పనిలేదు.

కనుక నా ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇంత: మజిల్ కార్ల యజమానుల్లో ట్రాక్ మీదికి వెళ్ళేవారు ఉన్నారు, తక్కువ. వెళ్ళేవారిలో తిన్నని బాటకు పోయేవారు ఎక్కువ, మలుపుల బాటకు పోయేవారు మరీ తక్కువ. దాచుకునేవారితో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా మూడోవారితో. ట్రాక్‌కు వెళ్ళరు, గరాజులో దాచుకోరు, ఇతరులు పిల్లలతో నడిచే వీధినే తమ ట్రాక్ చేసుకుంటారు. వారిని చూసే మా పిన్ని నిద్రపోలేదు, పాపం. వారికీ శిక్షణ మైదానంలో చెమటోడ్చేవారికీ గల భేదం ఆవిడకు చెప్పినవారు లేకపోయారు.

ఛాలెంజర్ తయారీ 2023 డిసెంబరులో ఆగిపోయింది. అదే నెలలో కమారో కూడా. పాత బృందంలో మస్టాంగ్ మిగిలింది. డాడ్జ్ వారు 2024లో విద్యుత్ ఛార్జర్ తెచ్చి, దానికి కృత్రిమ గర్జన తగిలించారు. ఇంజన్ పోయినా శక్తి తగ్గలేదు సుమా. ఇంటిల్లిపాదీ కూర్చునే విద్యుత్ కార్లు కొన్ని ఇప్పుడు పాత జిటిఓలను నిలబడినచోటే వదిలి పోగలవు, అదీ చప్పుడు లేకుండా. ఆ శక్తి ఇక సరదాపరుల చేతిలోనే ఉండదు. కూరగాయలకు వెళ్ళే ప్రతివారి కాలి కిందికీ వస్తోంది. వారెవరూ తమను రేసుకారు యజమానులమని అనుకోరు కనుక ట్రాక్ మాటే వారికి తోచదు.

మీ ఇంట్లో అలాంటి బండి ఉంటే, వేసవిలో ఒక శనివారం వీలు చేసుకుని, దగ్గరలో జరిగే శిక్షణ దినానికి ఒకసారి వెళ్ళి రండి. వెళ్ళేముందు బ్రేకు ద్రవం మార్పించుకోవడం మరచిపోకండి.